తేమ వేరు, తడి వేరు: చిట్టి ఆర్కిడ్లు ఆకులు వేస్తూ పూయకపోతే

ప్రశ్న: 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు ఉన్న గాజు పెట్టెలో ఆరు రకాల చిట్టి ఆర్కిడ్లు పెంచుతున్నాను. హరాయెల్లా, ఎరాంజిస్ రోడోస్టిక్టా, రెస్ట్రెపియా, టోలుమ్నియా, డెండ్రోబియం జెన్కిన్సీ, ఒక మాస్దెవాలియా. అన్నీ 3 అంగుళాల కుండీల్లో, స్ఫాగ్నమ్ నాచులో ఉన్నాయి. పెట్టె అడుగున నీళ్లు, పైన గాజు మూత. లోపల తేమ ఎప్పుడూ 95 శాతం పైనే. పగలు 31 డిగ్రీలు, రాత్రి 26. ఎల్‌ఈడీ దీపం రోజుకు 16 గంటలు వెలుగుతుంది. 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరుకు 2 గ్రాముల చొప్పున వారానికి రెండుసార్లు ఇస్తున్నాను. 15 నెలలైంది. ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి గానీ, రెస్ట్రెపియా రెండు పూలు పూయడం తప్ప మరేదీ పూయలేదు. హరాయెల్లా రెండుసార్లు మొగ్గ తొడిగింది, రెండుసార్లూ మొగ్గలు పసుపెక్కి రాలిపోయాయి. పోయిన నెల మాస్దెవాలియా ఆకులు మొదట్లో నల్లబడి ఒక్కొక్కటే ఊడిపోయి మొక్కే పోయింది. పూతకు వేరే ఎరువు వాడాలా? తేమ ఇంకా పెంచాలా?

జవాబు: రెండూ వద్దు. తేమ తగ్గించాలి, ఎరువు బాగా తగ్గించాలి. అయితే అంతకంటే ముందు మొక్కల్ని ఆ కుండీల్లోంచి బయటికి తియ్యాలి. మీ అసలు సమస్య అక్కడుంది.

ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయని సంతోషంగా రాశారు. ఆకుకూరకైతే అది మంచి లక్షణమే. ఆర్కిడ్‌కు మాత్రం అది రెండు విషయాలు చెబుతుంది: వెలుతురు చాలడం లేదు, నత్రజని ఎక్కువైంది. బాగా పూసే ఆర్కిడ్ ఆకు కాస్త లేతగా, పసుపు ఛాయ కలిసిన ఆకుపచ్చలో ఉంటుంది.

ముందు వేళ్ల సంగతి. మీ దగ్గరున్న ఆరూ అడవిలో ప్రధానంగా చెట్ల మీద బతికేవే. వీటి వేరు చుట్టూ స్పాంజిలాంటి పొర ఉంటుంది. దాన్ని వెలమెన్ అంటారు. చచ్చిన కణాలు పొరలు పొరలుగా పేర్చుకుని ఏర్పడినది. వాన పడగానే నిమిషాల్లో నీళ్లు పీల్చుకుంటుంది, వాన వెలిశాక ఆరి గాలితో నిండుతుంది. ఆరినప్పుడు వేరు వెండిలా తెల్లగా, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనిపించేది అందుకే. గాలి నిండే ఆ సమయం వేరుకు ఊపిరి తీసుకునే సమయం. 3 అంగుళాల కుండీలో గుప్పెడు నాచు మధ్య, 95 శాతం తేమలో, ఆ పొర ఎప్పటికీ ఆరదు. వేరు లోపల్నుంచి కుళ్లుతుంది, పైకి మాత్రం ఆకులు నెలల తరబడి బాగానే కనిపిస్తాయి. పెద్ద ఆర్కిడ్‌కైతే కొన్ని వేళ్లు కుళ్లినా మిగిలినవి ఆదుకుంటాయి. నాలుగు వేళ్లున్న చిట్టి మొక్కకు రెండు పోతే సగం ప్రాణం పోయినట్టే.

గాలిలో తేమ ఉండాలి నిజమే, కానీ తేమ వేరు, తడి వేరు. తేమంటే గాలిలో ఉండే ఆవిరి. తడంటే వేరుకు, ఆకు మొదలుకు అంటుకుని ఉండే నీరు. చిట్టి ఆర్కిడ్‌కు తేమ రోజంతా కావాలి, తడి కొన్ని గంటలే కావాలి. పైగా తేమ 95 దాటితే ఆకుల నుంచి నీరు ఆవిరవడం దాదాపు ఆగిపోతుంది. అది ఆగితే వేళ్ల నుంచి పైకి నీటి ప్రవాహం కూడా మందగిస్తుంది. కాల్షియం ఆ ప్రవాహంతోనే పైకి వెళుతుంది కాబట్టి లేత ఆకుల కొనలకు అందదు. కొత్త ఆకు కొన నల్లబడి ఎండినట్టు ఎక్కడైనా కనిపిస్తే అది చాలావరకు తెగులు కాదు, ఇదే. పగలు 65 నుంచి 75 శాతం, రాత్రి 80 నుంచి 85 శాతం చాలు.

ఇక ఆరూ ఒకే పెట్టెలో పెట్టడం. ఆరూ చిన్నవే అన్న ఒక్క పోలిక తప్ప వీటి మధ్య ఇంకేమీ కలవదు. ఎంత సేపట్లో ఆరాలి అన్నదాన్ని బట్టి వీటిని వేరు చెయ్యండి. టోలుమ్నియా కరిబియన్ దీవుల్లో సన్నని కొమ్మల చివర్ల మీద, ఎండా గాలీ తగిలేచోట పెరుగుతుంది. తడిసిన గంట రెండు గంటల్లో దాని వేళ్లు ఆరిపోవాలి. జెన్కిన్సీ కూడా ఇంచుమించు అంతే, పైగా దానికి చలికాలంలో ఎండుకారు, అంటే నీళ్లు దాదాపు ఆపేసే కాలం, కావాలి. హరాయెల్లా, ఎరాంజిస్ పొద్దున తడిపితే మధ్యాహ్నానికో సాయంత్రానికో ఆరాలి. రెస్ట్రెపియా ఒక్కటే ఎప్పుడూ పూర్తిగా ఎండకూడనిది, అలాగని చిత్తడిగానూ ఉండకూడదు. మీకు పూసింది రెస్ట్రెపియా ఒక్కటే ఎందుకో ఇప్పుడు తెలిసే ఉంటుంది. మీ పెట్టె దానికి మాత్రమే కొద్దో గొప్పో సరిపోయింది, అదీ రాత్రి వేడిని ఓర్చుకుంటూ.

కాబట్టి టోలుమ్నియా, జెన్కిన్సీ పెట్టెలోంచి బయటికి రావాలి. తూర్పు కిటికీ దగ్గర, లేదా నడి మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని వెలుగున్న చోట వేలాడదీయండి. మిగిలిన మూడూ పెట్టెలోనే ఉండొచ్చు, పెట్టెను మారుస్తే.

పెట్టె మార్చడం కష్టమేమీ కాదు. గాజు మూత ముందు అంచున, వెనక అంచున 3 నుంచి 4 సెం.మీ. వెడల్పు ఖాళీ వదిలి, అక్కడ సన్నని జాలీ బిగించండి. లోపల 8 సెం.మీ. కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెట్టండి. 12 వోల్టుల ఫ్యాన్‌ను 5 లేదా 6 వోల్టుల మీద నడిపితే నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. గాలి నేరుగా మొక్క మీదికి కాకుండా ఎదుటి గాజుకు తగిలి చెదిరేలా తిప్పిపెట్టండి. పల్చటి ఆకు కనీకనిపించకుండా కదిలితే చాలు. ఈ ఫ్యాన్ 24 గంటలూ తిరగాలి. రాత్రి ఆపేశారంటే, చల్లబడిన గాజు మీద నీళ్లు పట్టి ఆకుల మొదళ్లలోకి కారుతాయి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. అడుగున నీళ్లు 2 సెం.మీ. మించకుండా ఉంచి, పైన ప్లాస్టిక్ జాలీ పలక వేసి కుండీలు దాని మీద నిలబెట్టండి. కుండీ అడుగు నీటిని తాకకూడదు. మొక్కల మీంచి కారిన ఎరువంతా ఆ నీళ్లలోకే చేరుతుంది కాబట్టి వారానికోసారి పారబోసి కొత్తవి పొయ్యాలి, లేకపోతే పాచి, దోమలు రెండూ పెరుగుతాయి. దీపానికి కరెంటు ఇచ్చే డ్రైవర్ డబ్బా లోపలుంటే బయటికి తీసెయ్యండి. చిన్న పెట్టెలో అది ఇచ్చే వేడి కూడా లెక్కలోకి వస్తుంది.

పొగమంచు యంత్రం కొనాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. గాలాడని పెట్టెలో అది తడిని మాత్రమే పెంచుతుంది. మామూలు కుళాయి నీళ్లు పోస్తే అందులోని లవణాలు ఆకుల మీద తెల్లటి పొడిలా పేరుకుంటాయి.

ఇప్పుడు మొక్కల్ని కుండీల్లోంచి తీసి బెరడుకు కట్టే పని. హరాయెల్లా, ఎరాంజిస్, టోలుమ్నియా, జెన్కిన్సీ నాలుగింటికీ ఇది చెయ్యాలి. వేళ్ల కొనలు పచ్చగా, కొత్తగా పొడుచుకొస్తున్న సమయమైతే మరీ మంచిది. కానీ మీ నాచు 15 నెలల పాతది. ఇప్పటికే మెత్తబడి, పుల్లబడి, ఎరువు లవణాలు పట్టి ఉంటుంది. ముహూర్తం కోసం చూడకండి.

కుండీని 20 నిమిషాలు వేడి నీళ్లలో కాకుండా, గది వేడిమిలో ఉన్న మామూలు నీళ్లలో నానబెట్టండి. తర్వాత నాచును పట్టకారతో కొంచెం కొంచెంగా తియ్యండి. గట్టిగా లాగితే మంచి వేరు కూడా తెగుతుంది. ప్రతి వేరునూ చేతివేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా ఉండి, పై పొర జారిపోయి లోపల దారంలాంటి పోగు మిగిలితే చచ్చినట్టు, కత్తిరించెయ్యండి. కత్తెరను ఒక్కో మొక్కకు ముందు మంటలో కాల్చి చల్లార్చండి. ఆర్కిడ్లకు సోకే వైరస్‌లు రసం ద్వారా ఒకదాన్నుంచి ఒకదానికి పాకేవి, వాటికి మందు లేదు. కోసిన గాయాలు ఆరడానికి దాల్చినచెక్క పొడి చాలామంది చల్లుతారు. కోసిన చోట చిటికెడు అద్దితే ఫరవాలేదు. బతికున్న వేళ్ల మీద మాత్రం పడనివ్వకండి, వాటినీ ఎండబెట్టేస్తుంది.

కట్టడానికి 8 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. పొడవు ఉన్న కార్క్ బెరడు ముక్క చాలు. కార్క్ దొరక్కపోతే గరుకైన బెరడున్న, తొందరగా పుచ్చిపోని గట్టి కర్ర పనికొస్తుంది. రసాయనం పట్టించిన కలప, బంక కారే కలప వద్దు. వేళ్ల కింద అర సెంటీమీటరు మందాన కొత్త నాచు పరవండి, హరాయెల్లా, ఎరాంజిస్‌లకు మాత్రమే. టోలుమ్నియా, జెన్కిన్సీలకు నాచే వద్దు, ఉత్త బెరడు మీదే. మొక్కను ఆకుల గుత్తి కాస్త కిందికి వాలేలా పెట్టండి. నిటారుగా పెడితే ఆకుల మధ్య నీరు నిలిచి మొవ్వు కుళ్లుతుంది. అడవిలో కూడా చాలా ఎరాంజిస్‌లు పక్కకో కిందికో వాలే ఉంటాయి. వేళ్లను పరిచి, సన్నని నైలాన్ గాలపు తీగతో మూడు నాలుగు చుట్లు చుట్టి ముడివెయ్యండి. మొక్క అటూ ఇటూ ఊగకూడదు. ఊగితే కొత్త వేరు కొన బెరడుకు రాసుకుని అరిగిపోతుంది, అతుక్కోదు. రాగి తీగ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి, రాగి ఆర్కిడ్ వేళ్లకు విషం. ఏడెనిమిది నెలల్లో వేళ్లు బెరడును పట్టుకున్నాక తీగ కోసి తీసెయ్యొచ్చు.

కట్టిన మొదటి మూడు నాలుగు వారాలు కొంచెం నీడలో ఉంచండి. రోజూ పొద్దున తడపండి. రెండు వారాల పాటు ఎరువు వద్దు. ఆకులు కాస్త ముడుచుకుంటే కంగారు పడకండి, వేళ్లు తగ్గాయి కాబట్టి అది సహజం.

రెస్ట్రెపియాను కుండీలోనే ఉంచండి, కానీ కుండీ మార్చండి. 5 సెం.మీ. జాలీ కుండీ తీసుకుని, కొత్త నాచును పిండి వదులుగా నింపండి. వేలితో అదిమి బిగించకూడదు, నొక్కితే మళ్లీ పైకి లేవాలి. ఏటా ఓసారి ఈ నాచు మార్చాలి. రెస్ట్రెపియాలో ఇంకో ముచ్చట ఉంది. ఆకు, కాడ కలిసేచోట చిన్న పిలకలు వస్తుంటాయి. రెండు మూడు వేళ్లు 2 సెం.మీ. దాకా పెరిగాక వాటిని విడదీసి వేరే నాటుకోవచ్చు. పెద్ద మొక్కకు ఏదైనా అయితే అదే మీ పూచీ.

నీళ్లు ఎప్పుడు పొయ్యాలన్నది ఎంత పొయ్యాలన్నదాని కంటే ముఖ్యం. దీపం వెలిగిన గంటలోపు, పొద్దున్నే. వేళ్లన్నీ వెండి రంగు పోయి పచ్చబడేదాకా తడపండి. ఒకసారి పిచికారీ చేసి వదిలేస్తే పై పొర మాత్రమే తడుస్తుంది. ఐదు నిమిషాలాగి మళ్లీ తడపండి. వేడి ఎక్కువున్న రోజుల్లో బెరడు మీద కట్టినవాటికి మధ్యాహ్నం ఇంకోసారి ఇవ్వొచ్చు. సాయంత్రం దీపం ఆరే సమయానికి ఆకులు, ఆకుల మొదళ్లు పూర్తిగా ఆరిపోయి ఉండాలి.

ఏ నీళ్లు? వాననీరు లేదా ఆర్‌ఓ నీరు. నీళ్లలో కరిగిన లవణాల్ని పీపీఎంలో చూపే టీడీఎస్ మీటరుతో చూసుకోండి. రెస్ట్రెపియాకు 50 లోపు ఉండాలి. మిగిలినవి 150 దాకా ఓర్చుకుంటాయి.

ఎరువు లెక్క ఒకసారి చూడండి. 20-20-20లో నత్రజని 20 శాతం. లీటరుకు 2 గ్రాములంటే 400 మిల్లీగ్రాముల నత్రజని. ఈ చిట్టి మొక్కలకు 50 చాలు, అంటే లీటరుకు పావు గ్రాము. మీరు ఎనిమిది రెట్లు ఇస్తున్నారు, అదీ ఎప్పుడూ ఆరని నాచులో. నాచు అంచున తెల్లటి పొక్కు కట్టి ఉంటే అదంతా లవణమే. వేళ్ల కొనలు నల్లగా మాడినట్టు ఉంటే దాని పనే. వారానికోసారి పావు గ్రాము, నాలుగో వారం ఎరువు లేకుండా ఉత్త నీళ్లతో బాగా కడగడం. ఇది చాలు. పావు గ్రాము తూచే త్రాసు లేకపోతే, 5 గ్రాములు ఒక లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకుని, దాంట్లోంచి 50 మి.లీ. తీసి లీటరుకు కలపండి.

వాననీరు, ఆర్‌ఓ నీరు వాడితే కాల్షియం, మెగ్నీషియం విడిగా ఇవ్వాలి. ఆ నీళ్లలో అవి ఉండవు, చాలా 20-20-20 పొడుల్లోనూ కాల్షియం ఉండదు. నెలలో ఒక వారం 20-20-20 బదులు లీటరుకు 0.2 గ్రాముల కాల్షియం నైట్రేట్, ఇంకో వారం లీటరుకు 0.1 గ్రాము ఎప్సమ్ ఉప్పు ఇవ్వండి. గాఢంగా కలిపి నిలవుంచే సీసాల్లో ఈ రెండింటినీ కలపకండి, తెల్లగా విరిగి అడుగున జిప్సమ్ పేరుకుంటుంది. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఉన్న ఎరువుతో కలిపినా అదే గతి.

పూత ఎరువు సంగతి అడిగారు. భాస్వరం ఎక్కువున్న ఆ పొడులు చిట్టి ఆర్కిడ్ల దగ్గర డబ్బు దండగ. చెట్టు మీద వాననీళ్లతో బతికే మొక్కకు భాస్వరం అవసరమే బహు కొద్ది. పూకాడను పొడిపించేవి వెలుతురు, రాత్రి చల్లదనం, కొన్నింటికి ఎండుకారు. మొక్కకు ఈడు కూడా రావాలి.

వెలుతురును గంటల్లో కాదు, ఆకు దగ్గర పడే లక్స్‌లో కొలవండి. ఫోన్‌లోని యాప్ చూపేది ఉజ్జాయింపే అయినా, ఇప్పుడున్నదానికీ కావలసినదానికీ తేడా తెలియడానికి సరిపోతుంది. రెస్ట్రెపియాకు 6,000 నుంచి 8,000, హరాయెల్లాకు, ఎరాంజిస్‌కు 8,000 నుంచి 12,000, జెన్కిన్సీకి 20,000 చుట్టూ, టోలుమ్నియాకు 20,000 నుంచి 25,000. దీపం రంగు 4,000 నుంచి 6,500 కెల్విన్ మధ్య తెల్లనిదైతే చాలు, ఊదా రంగు దీపాలు అక్కర్లేదు. ఎక్కువ వెలుతురు కావలసినవాటిని దీపానికి దగ్గరగా పైన, రెస్ట్రెపియాను అడుగున ఒక మూల పెట్టండి. అక్కడే చల్లగా కూడా ఉంటుంది. ఒకేసారి మార్చకండి, వారానికి రెండు మూడు వేల లక్స్ చొప్పున పెంచుతూ పోండి. నీడలో పెరిగిన ముదురాకు ఒక్కసారిగా వెలుతురు తగిలితే తెల్లగా మాడుతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు.

16 గంటలు వెలిగించడం మానేసి 12 గంటలకు దించండి. మందపాటి ఆకులున్న ఆర్కిడ్లు చాలావరకు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. మీరు వాటికి 8 గంటల రాత్రే ఇస్తున్నారు, అదీ 26 డిగ్రీల రాత్రి. వేడి రాత్రుల్లో మొక్క పగలు కూడబెట్టుకున్నదంతా ఊపిరికే ఖర్చు చేస్తుంది. ఇక పువ్వుకు మిగిలేదేముంది?

రాత్రికీ పగలుకీ కనీసం 6 డిగ్రీల తేడా తేవాలి. దీపం ఆరగానే మూత పూర్తిగా తెరవండి. గది కిటికీ తెరిచి ఉంచి, పెట్టెను బయటి గాలి తగిలే చోటికి జరపండి. గది గాలి పొడిగా ఉంటే, తడిబట్ట మీంచి ఫ్యాన్ గాలి వచ్చేలా చేస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాలి ముందే ఆవిరితో నిండి ఉంటే ఈ ఉపాయం పని చెయ్యదు. పగటి 31ని 28కి దించడం కూడా ఇందులో భాగమే. మూతకు జాలీ పెట్టి డ్రైవర్ బయటికి తీస్తే అందులో కొంత దానంతటదే జరుగుతుంది.

ఇక ఒక్కో మొక్క పూత గురించి.

హరాయెల్లాతో మొదలుపెడదాం, ఎందుకంటే ముందు పూసేది అదే. తైవాన్ మొక్క. ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని గాస్ట్రోకైలస్ రెట్రోకాలస్ అంటున్నారు, అమ్మేవాళ్లు మాత్రం పాత పేరే రాస్తారు. ఆకులు వేలంత ఉంటాయి, పువ్వు 2 సెం.మీ. దాకా ఉంటుంది. పచ్చటి రేకుల మధ్య ముదురు ఎరుపు మచ్చతో పురుగు వాలినట్టు కనిపిస్తుంది, నిమ్మ జాతి పండ్ల వాసన వేస్తుంది. ఏడాదిలో రెండు మూడు సార్లు పూస్తుంది. మీ మొగ్గలు పసుపెక్కడానికి మూడు కారణాలు కలిసొచ్చి ఉంటాయి. వేళ్లు పాడై నీళ్లు అందకపోవడం ఒకటి, 31 డిగ్రీల వేడి ఇంకొకటి. మూడోది గాలాడని పెట్టెలో పేరుకున్న ఎథిలీన్ వాయువు. కుళ్లుతున్న ఆకులు, వాడిన పూలు దాన్ని వదులుతాయి. రాలిన ఆకులు రోజూ ఏరెయ్యండి. పక్కన పండ్ల బుట్ట ఉంటే దూరంగా జరపండి, పండే పండ్లది ఇంకా ఎక్కువ. పూకాడ మీద పూలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి కాడ పూర్తిగా ఎండేదాకా కోయకండి.

ఎరాంజిస్ రోడోస్టిక్టాకు తొందర లేదు. తూర్పు, మధ్య ఆఫ్రికాలో నీడపట్టున సన్నని కొమ్మల మీద ఉంటుంది. మీగడ రంగు పూలు, మధ్యలో ఎర్రటి చుక్క, రెండు వరసల్లో తోరణంలా వేలాడతాయి. కనీసం నాలుగైదు ఆకులు, వాటికి తగ్గ వేళ్లు లేనిదే పూకాడ రాదు. వచ్చాక కూడా నెలల తరబడి మెల్లగా సాగుతుంది. ఆ సమయంలో బెరడును తిప్పకండి, వెలుతురు దిక్కు మారితే పూలు వంకరగా తిరుగుతాయి. పూత అయ్యాక రెండు నెలలు నీళ్లు కొంచెం తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఒకసారి బెరడు పట్టాక దీని వేళ్లను కదిలిస్తే కోలుకోవడానికి ఏడాది పడుతుంది, అందుకే కట్టేటప్పుడే మంచి ముక్క ఎంచుకోండి.

రెస్ట్రెపియా పూలు ఆకు వెనక, మొదలు దగ్గర్నుంచి వస్తాయి. ఒకే ఆకు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పూస్తుంది. పాతదయిందని ఆకు కోసేస్తే పూచే చోటునే కోసేసినట్టు. ఆకు ఎర్రబారితే వెలుతురు ఎక్కువైందని అర్థం. రాత్రి 20 లోపుకు దిగితే పూత చాలా పెరుగుతుంది.

టోలుమ్నియా కిటికీ దగ్గరికి చేరాక ఆకుల మీద లేత ఎరుపు చుక్కలు వస్తాయి. అది సరైన వెలుతురుకు గుర్తు, భయపడకండి. రోజూ పొద్దున తడపడం, రెండు గంటల్లో ఆరిపోవడం. ఇది తప్పితే మరే లాలనా అక్కర్లేని మొక్క. పూలు రాలాక కాడ పచ్చగా ఉంటే ఉంచండి. కింది కణుపుల నుంచి కొత్త కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది.

జెన్కిన్సీది వేరే దారి. తూర్పు హిమాలయాల నుంచి దక్షిణ చైనా, థాయ్‌లాండ్ దాకా వానలు, పొడి చలికాలం విడివిడిగా ఉండే అడవుల మొక్క. 3 సెం.మీ. ఉబ్బిన కాడ మీద ఒకే ఒక్క గట్టి ఆకు, వసంతంలో ఆ మొక్కకంటే పెద్దగా అనిపించే బంగారు పువ్వు. వానల కాలంలో రోజూ నీళ్లు, వారానికోసారి ఎరువు ఇవ్వండి. చలి మొదలవగానే ఎరువు ఆపెయ్యండి, నీళ్లు కూడా ఆపెయ్యండి. వారం పది రోజులకోసారి పొద్దున పల్చగా పిచికారీ, అంతే. రెండున్నర మూడు నెలలు ఇలా. కాడలు కొంచెం ముడతలు పడతాయి, పడాలి. రాత్రులు 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే మేలు, వెలుతురు మాత్రం తగ్గకూడదు. చాలామంది ఇక్కడే జాలిపడి నీళ్లు పోస్తారు. అప్పుడు పువ్వు బదులు పిలక వస్తుంది. మొగ్గ పొడుచుకొచ్చి 1 సెం.మీ. అయ్యాకే నీళ్లు మళ్లీ మొదలుపెట్టాలి.

మాస్దెవాలియా పోయినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. తప్పు ఎంపికలోనే ఉంది. ఈ జాతిలో ఎక్కువ భాగం ఆండీస్ పర్వతాల మబ్బు అడవులవి. రాత్రి 10 నుంచి 14, పగలు 22 మించని చోట ఉండేవి. నీరు దాచుకునే ఉబ్బిన కాడలు వీటికి లేవు, వేళ్లు సన్నవి. 26 డిగ్రీల రాత్రుల్లో, లవణాలు నిండిన నాచులో ఆకు మొదట్లో నల్లబడి ఊడిపోవడం వీటి మామూలు చావు. మళ్లీ అదే కొనాలనిపిస్తే, వేడిని కాస్త తట్టుకునే మాస్దెవాలియా ఫ్లోరిబుండా చూడండి. అదీ రాత్రి చల్లదనం సాధించాకే.

ఆ ఖాళీలో ఏం పెట్టాలంటే, మీ పెట్టెకు షోఎనార్కిస్ ఫ్రాగ్రాన్స్, ఫలెనాప్సిస్ పారిషీ సరిపోతాయి. పారిషీ చలికాలంలో కొన్ని ఆకులు రాల్చుకోవచ్చు, వేళ్లు గట్టిగా ఉంటే చచ్చిందనుకుని పారెయ్యకండి. కిటికీ దగ్గరకైతే బ్రెజిల్ మొక్కలు కాట్లెయా సెర్నువా, లెప్టోటిస్ బైకలర్. లెపాంథిస్, డ్రాకులా, కాట్లెయా కోక్సీనియా, డెండ్రోబియం కత్‌బర్ట్‌సోనీ ఫొటోల్లో ఎంత ముద్దొచ్చినా మీ రాత్రులు 18 లోపుకు దిగనంత వరకూ వాటి జోలికి వెళ్లొద్దు.

కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. ఆర్కిడ్లన్నీ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం) కింద నియంత్రణలో ఉన్నాయి, అడవి నుంచి పీకిన మొక్కలు కొనడం నేరం కావచ్చు, అవి బతకడమూ అరుదు. తెగిన పాత వేళ్లు, పురుగు కొరికిన ముదురు ఆకులు, వేళ్లకు అంటుకున్న అడవి బెరడు కనిపిస్తే వదిలెయ్యండి. నర్సరీలో విత్తనం నుంచి పెంచినవి శుభ్రంగా, ఇంచుమించు ఒకే ఈడులో కనిపిస్తాయి. కొత్తది ఏదైనా నెల రోజులు విడిగా ఉంచాకే పెట్టెలోకి తీసుకోండి.

పాత నాచు తీసేటప్పుడు ఆవగింజంత నత్తలు కనిపించొచ్చు. వేళ్ల కొనల్ని కొరికేవి ఇవే. రాత్రి కీరదోస ముక్క పెట్టి పొద్దున దానికి పట్టినవాటితో సహా తీసి పారేస్తూ వారం రోజులు చేస్తే చాలావరకు పోతాయి. పిండినల్లి, పొలుసు పురుగు ఆకు మొదళ్లలో దాక్కుంటాయి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి, వారానికోసారి, మూడు వారాలు. పెట్టెలో గాలి ఆడటం మొదలయ్యాక ఎర్రనల్లి మీద ఒక కన్నేసి ఉంచండి. కిటికీ దగ్గరి పొడిగాలిలో టోలుమ్నియాకు అది ముందు పడుతుంది. ఆకు వెనక సన్నటి వెండిరంగు చుక్కలు కనిపిస్తే అదే.

ఏది ముందు చెయ్యాలంటే, ఈ వారంలో ఎరువు ఆపి, ఉత్త నీళ్లతో నాచును రెండుసార్లు కడగండి. ఫ్యాన్, జాలీ అమర్చండి. వచ్చేవారం మొక్కల్ని కట్టండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో పచ్చటి కొత్త వేరు కొనలు కనిపించాలి. అవి రాకముందే పూకాడ పొడిస్తే, హరాయెల్లాదైనా సరే, చిటికెన వేలంత ఉన్నప్పుడే తుంచెయ్యండి. వేళ్లు లేని మొక్క పూస్తే ఆ పూతతోనే పోతుంది. వేళ్లు బాగా పట్టాక హరాయెల్లా ఆరు నెలల్లో, రెస్ట్రెపియా అంతకంటే ముందే పూలు చూపించాలి. టోలుమ్నియా విసనకర్రలా విచ్చుకునే కొత్త ఆకుల గుత్తి ఒకటి ముదిరాక పూస్తుంది. జెన్కిన్సీకి ఈ చలికాలపు ఎండుకారు తప్పిపోతే మరో ఏడాది ఆగాలి, కాబట్టి క్యాలెండర్‌లో ఆ మూడు నెలలూ ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.